పూల ఫోటోలు తీస్తే మీకేం తక్లీఫ్?

మొన్న జుమ్మా రోజు పొద్దున మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో అమ్మీ ఒక ఫోటో పెట్టింది. దానిమ్మ పువ్వు. పెరట్లో గుసుల్‌ఖానా గోడ పక్కనున్న చెట్టుది. మందపాటి ఎర్రటి రెక్కలు, వాటి మధ్యలోంచి తొంగి చూస్తున్న పసుప్పచ్చ పుప్పొడి, అంచు మీద ఒక చీమ. కింద ఏమీ రాయలేదు. అమ్మీకి టైపు చెయ్యడం రాదు.

పది నిమిషాలు కాలేదు, మా చచ్చాల్లో ఒకాయన వాయిస్ మెసేజ్ పెట్టాడు. "భాభీకు కామ్ నై సో, ఫోటువా లేతే బైఠే. ఏ ఉమర్ మే తస్బీ పకడ్‌నా, ఫోన్ నక్కో." దాని కింద నవ్వే బొమ్మలు ఏడు. ఆ ఏడింటిలో నా బొమ్మ లేదు. కానీ నేను ఒక్క మాటా అనలేదు. నవ్వినవాళ్ళ మధ్య నోరు మూసుకుని కూర్చున్నవాడు కూడా నవ్వినవాడి కిందే లెక్క. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఈ జవాబు. మా చచ్చా ఒక్కడికే కాదు, మన ఇళ్ళల్లో ఉన్న చచ్చాలందరికీ, మామూలకీ, భాయిజాన్‌లకీ, మొన్నటిదాకా నాకూ.

మొదటి షికాయత్: పని లేదు.

మా అమ్మీకి అరవై నాలుగేళ్ళు. ఫజర్ అజాఁకి ముందే లేస్తుంది. నమాజ్ అయ్యాక కుళాయి వచ్చే టైముకి బిందెలు పెట్టాలి. కోడళ్ళు ఉన్నా పొయ్యి మీద మొదటి చాయ్ ఆమే పెడుతుంది. పిల్లల డబ్బాలు, వడియాలు, పచ్చళ్ళు, ఎండబెట్టిన మిరపకాయలు, జ్వరమొచ్చిన మనవడి పక్కన రాత్రి జాగారం. యాభై ఏళ్ళుగా ఇదే. ఈ యాభై ఏళ్ళలో ఆమెకి పని లేదని ఎవరూ అనలేదు, ఎందుకంటే ఆ పని ఎవరికీ కనపడలేదు. ఇప్పుడు చాయ్ మరిగేలోపు పది నిమిషాలు పెరట్లోకి వెళ్ళి ఒక పువ్వు ముందు నిలబడితే, అది మాత్రం అందరికీ కనపడింది!

ఆ పది నిమిషాల్లో ఏం చేస్తుందో నేను ఒక వారం వెనక నిలబడి చూశాను. ఫోను అద్దాన్ని కొంగుతో తుడుస్తుంది. ఎండ ముదరక ముందే తియ్యాలి, లేకపోతే తెల్ల పువ్వు ఉత్త సున్నం మరకలా వస్తుందని తనకి తానే నేర్చుకుంది. గాలి వీస్తే ఆగుతుంది. కొమ్మని చేత్తో పట్టుకోదు, పట్టుకుంటే పూత రాలుతుందట. మునగ పువ్వు లేత రంగు వెనకాల తెల్లగోడలో కలిసిపోతుంటే, దండెం మీద ఆరేసిన తన నల్ల బురఖాని జరిపి కొమ్మ వెనక్కి తెచ్చింది. అప్పుడు చూడాలి ఆ పువ్వుని! ఒక్కో రెక్క వేరువేరుగా, వెనక్కి వంగి, ముత్యమంత స్పష్టంగా. మన ఆడవాళ్ళ బురఖా మీద దేశంలో ప్రతివాడికీ ఒక రాయ్ ఉంది. దాన్ని ఫోటో స్టూడియో పర్దాగా వాడొచ్చని మాత్రం మా అమ్మీకే తట్టింది. ఇది పని కాకపోతే ఇంకేది పని?

రెండో షికాయత్ కొంచెం బరువైనది: తస్వీర్. తస్బీ పట్టుకోమన్న చచ్చా అసలు ఉద్దేశం ఇదే. దీన్ పేరు ఎత్తితే ఆడవాళ్ళు నోరు మూస్తారని ఆయనకి తెలుసు.

సరే, దీన్ సంగతే మాట్లాడదాం. తస్వీర్ మీద ఉలమాల మధ్య ఇఖ్తిలాఫ్ ఉన్నమాట నిజం. ఫోటో, చేత్తో గీసిన బొమ్మ ఒకటేనా కాదా అన్నదాని మీద ఇప్పటికీ వాదనలున్నాయి. కానీ ఆ వాదన అంతా ప్రాణమున్న వాటి గురించి. బొమ్మలు చేసి బతికే ఒక మనిషి హజ్రత్ ఇబ్న్ అబ్బాస్ దగ్గరికొచ్చి తన రోజీ గురించి అడిగినప్పుడు, చెయ్యక తప్పదంటే చెట్లవీ రూహ్ లేని వాటివీ చేసుకోమని ఆయన చెప్పిన సంగతి సహీ హదీసుల్లో ఉంది. అంటే అందరికంటే సఖ్త్‌గా ఉండేవాళ్ళు కూడా తలుపు తెరిచి ఉంచిన చోటు ఏదైనా ఉంటే, అది చెట్టు! మా అమ్మీ ఏ మదరసాలోనూ చదవలేదు. అయినా సరిగ్గా ఆ తలుపులోంచే నడిచింది. చచ్చా ఆ తలుపు దగ్గరే కాపలా కాస్తూ ఆమెని ఆపాడు.

ఆపిన ఆ చచ్చా ఎవరంటే, పోయిన నవంబరులో కూతురి షాదీకి డ్రోన్ పెట్టించిన చచ్చా. షాదీకి ముందు పిల్లనీ పిల్లాడినీ చెరువు గట్టు మీద నడిపించి వీడియో తీయించిన చచ్చా. వలీమాలో బిర్యానీ ప్లేటు పట్టుకున్న ప్రతి మనిషి ముఖం మీదా లైటు కొట్టించి, ఆల్బమ్‌కి అప్పు చేసిన చచ్చా. మనుషుల ముఖాలు వేలకొద్దీ తీయించినప్పుడు గుర్తురాని తస్వీర్ మసలా, ఒక దానిమ్మ పువ్వు దగ్గర గుర్తొచ్చింది. గుస్తాఖీ మాఫ్ చచ్చా, ఇది తఖ్వా కాదు. ఇంట్లో ఒక ముసలావిడ తనకి నచ్చిన పని ఒకటి చేసుకుంటోందని కడుపులో మంట.

ఇంకో సంగతి. ప్రతి జుమ్మాకీ ఈ చచ్చానే గ్రూపులో ఒక గులాబీ పంపుతాడు. దాని మీద నీటి బొట్లు, వెనక మెరుపులు, బంగారు అక్షరాల్లో జుమ్మా ముబారక్. ఆ గులాబీ ఎక్కడ పూసిందో ఎవరికీ తెలియదు. అసలు పూసిందో లేదో కూడా తెలియదు, ఈ మధ్య అవన్నీ కంప్యూటరే తయారుచేస్తోంది. పొద్దున్నే అది మనకి నలభైమంది పంపుతారు, మనం ఇంకో నలభైమందికి తోస్తాం. దానికి ఎవరూ నవ్వరు. మన పెరట్లో, మన బావి నీళ్ళు తాగి, మన గోడ పక్కన, ఈ రోజు పొద్దున అల్లా పూయించిన పువ్వుని పెడితే నవ్వుతారు. ఏది నిజం పువ్వో, ఏది కాదో చూసే కళ్ళు పోయాయా మనకి?

మూడోది: ఫాయిదా ఏంటి? ఫోటో తీస్తే కడుపు నిండుతుందా?

వినండి. మా దానిమ్మ చెట్టు రెండేళ్ళు విరగబూసి, కాయ నిలవకుండా రాల్చేసింది. నజర్ తగిలిందన్నారు. ఒకరు చెట్టుకి చెప్పు కట్టమన్నారు. ఇంకొకరు గొడ్డుచెట్టు, కొట్టేయమన్నారు. అమ్మీ మాత్రం రాలిన పువ్వులవీ, నిలిచిన పువ్వులవీ పక్కపక్కన ఫోటోలు తీసి నాకు చూపించింది. "దేఖ్ బేటా, రాలేవాటికి కింద నడుము సన్నగా ఉంది, గంట లాగా. నిలిచేవాటికి కింద పొట్ట ఉంది, కూజా లాగా." నేను నమ్మలేదు. తర్వాత తోటల పెంపకం తెలిసినవాళ్ళని అడిగితే, దానిమ్మకి పూలు రెండు రకాలు, గంట ఆకారంవి మగపూలు, అవి రాలిపోవాల్సినవే. కూజా ఆకారం పూలే కాయలవుతాయి అన్నారు. చెట్టుకి నజరూ లేదు, గొడ్డూ కాదు. కూజా పూలు ఆ ఏడాది తక్కువ వచ్చాయి, అంతే. చెట్టు బతికింది. ఈ రోజు పిల్లలు తినే దానిమ్మకాయ ఆ ఫోటో ఫాయిదా.

ఫాయిదా ఇంకా పెద్దది కావాలా? జపాన్‌లో క్యోటో అనే నగరం ఉంది. అక్కడ చెర్రీ చెట్లు ఎప్పుడు పూశాయో దర్బారు మనుషులూ, ఆశ్రమాల వాళ్ళూ తమ రోజ్‌నామ్చాల్లో రాసి పెట్టుకుంటూ వచ్చారు. ఆ లెక్కలు 812 నుంచీ దొరుకుతున్నాయి. పన్నెండు వందల ఏళ్ళు! 2021లో మార్చి 26కే ఆ చెట్లు నిండుగా పూసినప్పుడు, ఇంత తొందరగా ఎప్పుడూ పూయలేదని చెప్పడానికి ఆ పాత రాతలే గవాహీ అయ్యాయి. భూమి వేడెక్కుతోందన్న మాటకి పనికొచ్చిన సబూత్‌లో, ఏనాడో ఒక మనిషి కిటికీలోంచి చూసి "ఈ రోజు పూసింది" అని రాసుకున్న ముక్క కూడా ఉంది. అప్పుడు కూడా ఎవరో ఒక చచ్చా పక్కనుంచి "కామ్ నై క్యా?" అనే ఉంటాడు.

మన దేశంలోనూ సీజన్‌వాచ్ అనే పేరుతో మామూలు మనుషులు, బడిపిల్లలు తమ దగ్గరున్న చెట్టు ఎప్పుడు చిగురించింది, ఎప్పుడు పూసింది, ఎప్పుడు కాసింది అని వారం వారం రాసి పంపే పని నడుస్తోంది. ఫోనులో తీసిన ప్రతి ఫోటోలో తారీఖు దానంతటదే పడుతుంది. అక్షరం రాయని మా అమ్మీ కూడా నాలుగేళ్ళ రోజ్‌నామ్చా రాసినట్టే.

మనకి ఇది ఇంకో రకంగా కూడా కావాలి. మన హిజ్రీ సాల్ చంద్రుడిది. ప్రతి ఏడాదీ ఇంచుమించు పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది. అన్ని మౌసమ్‌లూ ఒక చుట్టు తిరిగి రావడానికి ముప్పై మూడేళ్ళు పడుతుంది. రంజాన్ ఒకప్పుడు వానల్లో వస్తుంది, ఒకప్పుడు చలిలో. చెట్టు సూర్యుడి లెక్క వదలదు. అందుకే మన నానీలు, దాదీలు ఈ రెండు లెక్కల్ని పూతతో ముడేసేవాళ్ళు. "మామిడి పూత మీద రంజాన్ వచ్చిన ఏడు నీ అమ్మ పుట్టింది" అనేది మా నానీ. అది వాళ్ళ జనన ధ్రువపత్రం. ఇప్పుడు ఆ లెక్క అమ్మీ ఫోనులో ఉంది. 2025లో ఉగాది మార్చి 30, మర్నాడే రంజాన్ ఈద్. ఆ రెండు రోజుల మధ్య మా వేపచెట్టు ఫోటో ఉంది, గుత్తులు గుత్తులుగా పూతతో.

ఇక ఆ వేపచెట్టు దగ్గరికి వస్తాను. ఇప్పటిదాకా చచ్చాని అన్నాను. ఇది నన్ను నేను అనుకోవాల్సిన చోటు.

ఆ చెట్టు అబ్బా నాటింది. ప్రతి ఉగాదికి పక్కింటి లక్ష్మమ్మత్త పొద్దున్నే చిన్న స్టీలు గిన్నె పట్టుకుని మా పెరటి తలుపు దగ్గరికి వచ్చేది, పచ్చడికి వేపపూత కోసం. అమ్మీ చాప పరిచి కొమ్మ దులిపేది. సాయంత్రానికి ఆ గిన్నెలోనే పచ్చడి మా ఇంటికి వచ్చేది. 2025లో అది ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద ఖజూర్ పక్కన ఉంది. ఎవరూ దీనికి గంగా-జమునా తహజీబ్ అని పేరు పెట్టలేదు. పూత ఉంది కాబట్టి ఇచ్చారు, పచ్చడి ఉంది కాబట్టి తెచ్చారు.

ఆ ఎండాకాలమే భాయిజాన్ కారు కొన్నాడు. కారు ఎండలో ఉంటే రంగు పోతుంది. వేపాకు రాలి కాలవ మూసుకుపోతోంది. పెరడంతా సిమెంటు చేస్తే సాఫ్‌గా ఉంటుంది. అన్నీ సబబైన మాటలే. నన్ను అడిగితే "మీ ఇష్టం" అన్నాను. అమ్మీని ఎవరూ అడగలేదు. ఖాలా ఇంటికి మూడు రోజులు వెళ్ళి వచ్చేసరికి రంపం పని అయిపోయింది. పెరటి తలుపు తీసి, ఎండ నేరుగా ముఖం మీద పడితే చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏమీ అనలేదు. లోపలికి వచ్చి, నీళ్ళు తాగి, కూర్చుని, ఫోను తీసి వెనక్కి వెనక్కి వేలితో జరుపుతూ పోయింది. నాలుగేళ్ళ పూత. అబ్బా చేతి చెట్టుకి మా ఇంట్లో మిగిలిన జాగా ఆ ఫోను ఒక్కటే.

ఈ ఏడాది ఉగాదికి లక్ష్మమ్మత్త అలవాటుగా గిన్నె పట్టుకుని వచ్చింది. తలుపు దగ్గర నిలబడి, కారుని చూసి, గిన్నెని కొంగు చాటుకి తీసుకుంది. అమ్మీ ఆమెని కూర్చోబెట్టి పోయినేడాది ఫోటో చూపించింది. ఇద్దరూ కాసేపు అది చూస్తూ కూర్చున్నారు.

చెట్టు నాటి, దాని ఫలాన్ని మనిషిగానీ పిట్టగానీ తింటే నాటినవాడికి సదఖా సవాబ్ రాస్తారని మన పిల్లలకి మక్తబ్‌లో నేర్పిస్తాం. చనిపోయిన అబ్బాకి ఆ సవాబ్ ఇంకా రాస్తూ ఉండిన చెట్టుని, ఆయన కొడుకులమే కారు రంగు కోసం కొట్టించాం. ఫోటోలు తీసే ఆమెకి పనిలేదని నవ్వింది కూడా మేమే.

అసలు గొడవ ఫోను గురించి కాదు, శౌఖ్ గురించి. శౌఖ్ మగవాడికి ఉంటే దాన్ని తారీఖ్ అంటాం. 1620లో జహంగీర్ బాద్‌షా కాశ్మీరు వెళ్ళి, అక్కడి పూలు చూసి ఆగలేక, ఉస్తాద్ మన్సూర్ చేత నూటికి పైగా పూల బొమ్మలు వేయించాడు. దాన్ని తన కితాబులో గర్వంగా రాసుకున్నాడు. మొఘలుల జౌఖ్ అని మనం ఇప్పటికీ ఛాతీ విరుచుకుంటాం. అదే పని మునగపువ్వు మీద ఒక బేవా ఔరత్ చేస్తే టైంపాస్. మన హైదరాబాదులో నిజాం ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్, 1890ల నాటికే పర్దా ఆడవాళ్ళ కోసం విడిగా జనానా స్టూడియో పెట్టించి, ఒక మహిళ చేత నడిపించాడు. ఆడవాళ్ళు ఫోటో ముందు కూర్చోవడానికి అప్పుడే ఒక ఇంతెజామ్ జరిగింది. నూట ముప్పై ఏళ్ళ తర్వాత ఆమె ఫోటో వెనక నిలబడి, తన ముఖం ఎక్కడా చూపించకుండా, ఒక పువ్వుని చూపిస్తే దానికి కూడా మన ఇజాజత్ కావాలా?

అటు వైపు మాట కూడా ఒకటి ఒప్పుకుంటాను. ఫోను నషా మన ఇళ్ళని తింటోంది. పువ్వుని కళ్ళతో చూడకుండా ముందు ఫోను ఎత్తే పిల్లల్ని నేనూ చూస్తున్నాను. లైకుల కోసం కొమ్మ విరిచి, నీళ్ళు చల్లి, పది ఫిల్టర్లు రుద్ది పెడితే అది ఆ జుమ్మా గులాబీకి చెల్లెలే. కానీ ఒకే చెట్టు దగ్గరికి నాలుగేళ్ళు వెళ్ళినావిడని ఆ లెక్కలో వెయ్యకండి. ఆమె దగ్గర ఫోను చూపుని తినలేదు, చూపుని పెంచింది.

"మాకు పెరడు ఎక్కడుంది భాయ్? అద్దె పోర్షన్, ముందు మోరీ, వెనక గోడ" అని అడిగేవాళ్ళు మనలోనే ఎక్కువమంది. సచ్ బాత్. మన మొహల్లాల్లో చెట్టుకి జాగా ఉండటమే ఒక దౌలత్. అయినా గోడ మీంచి వంగిన పక్కింటి మునగ ఉంటుంది. మస్జిద్ హౌజ్ పక్కన ఒక బాదం ఉంటుంది. ఖబ్రస్తాన్‌లో కానుగలు, వేపలు ఉంటాయి. మా ఊళ్ళో ఆడవాళ్ళు ఖబ్రస్తాన్‌కి వెళ్ళరు. అబ్బా పోయి ఆరేళ్ళయినా అమ్మీ ఆ ఖబర్ చూడలేదు. ఈసారి షబే బరాత్‌కి వెళ్ళినప్పుడు అబ్బా తల వైపున్న కానుగ చెట్టు కొమ్మని ఫోటో తీసి తెచ్చాను, ఇంకా పూయలేదు, ఆకులే. ఆమె దాన్ని వేళ్ళతో పెద్దది చేసి చాలాసేపు చూసింది. "నీడ బాగా పడుతుందా?" అని అడిగింది. పడుతుందన్నాను. ఎండాకాలం మళ్ళీ వెళ్ళి పూత తీసుకురమ్మంది. తీసుకొచ్చాను. ఆరేళ్ళలో నేను ఆమెకి చేసిన ఖిద్మత్‌లలో ఇది ఒకటని ఇప్పుడు అర్థమవుతోంది.

కాబట్టి భాయ్‌సాబ్‌లారా, నా దర్ఖాస్తు పెద్దదేం కాదు.

పెరట్లో చెట్టు కొట్టే ముందు, దానికి నీళ్ళు పోసిన మనిషిని అడగండి. పట్టా ఎవరి పేరున ఉందన్నది తర్వాత. పెరడంతా సిమెంటు చెయ్యక తప్పకపోతే, చెట్టు చుట్టూ మూడు అడుగుల మట్టి వదలండి. ఇంట్లో ఆడవాళ్ళు పువ్వు ఫోటో పెడితే, నవ్వే బొమ్మ నొక్కే వేలితోనే ఒక ప్రశ్న అడగండి: ఏ చెట్టుది, ఎప్పుడు పూసింది? జవాబు వింటే మీకే తెలుస్తుంది, మన ఇంటి గురించి మనకి ఎంత తెలియదో. పిల్లలకి కూడా ఒక చెట్టు అప్పజెప్పండి. ఏడాదికి ఒకసారి అదే కొమ్మ, అదే చోటు, ఒక ఫోటో. వాళ్ళ షాదీ ఆల్బమ్ కన్నా అది ఎక్కువ రోజులు పనికొస్తుంది.

నిన్న సాయంత్రం అమ్మీ తన ఫోను నా చేతిలో పెట్టింది. ఫోటో తీయబోతే జాగా లేదంటోందట, ఏమైనా తీసేయమంది. పువ్వులు తీసేయాలేమోనని ముఖం చిన్నబుచ్చుకుని పక్కనే నిలబడింది. నేను తెరిచి చూశాను. జాగా అంతా తిన్నవి జుమ్మా ముబారక్ గులాబీలే, వందలు. సగానికి పైగా మన చచ్చావే. అన్నీ తుడిచేశాను.

ఈ పొద్దున మునగ మళ్ళీ పూసింది. మాఫ్ కర్‌నా చచ్చా, ఇప్పుడు చాలా జాగా ఉంది.